ట్రైలర్ ఫ్రిజ్ చల్లబడటం లేదా? ముందు దాని వెనక చూడండి

రోహిణి కార్తె, ఎండ మంచి జోరు మీదుంది. భీమవరం డాక్టరు గారు ఫోన్ చేశారు. దిండి దగ్గర కొబ్బరితోటలో ట్రైలరు (కారు వెనక కట్టి లాక్కెళ్లే ఇల్లులాంటి బండి) ఆపుకుని పిల్లలతో నాలుగు రోజులు ఉందామని వచ్చారట. "పొద్దున పెట్టిన పెరుగు మధ్యాహ్నానికి పులిసిపోతోందయ్యా, గ్యాస్ కొట్టించాలేమో, ఓసారి వచ్చి చూడు" అన్నారు. పాలకొల్లు నుంచి చించినాడ వంతెన దాటి నేను వెళ్లేసరికి పదకొండయింది. ఫ్రిజ్‌లో థర్మామీటరు పెడితే 14 డిగ్రీలు చూపించింది. బయటికొచ్చి ట్రైలరు గోడకున్న పై జాలీ మీద అరచెయ్యి ఆనించాను. అక్కడ వేడిగాలి బుస్సుమని తగలాలి. తగల్లేదు. జాలీ విప్పి చెయ్యి లోపల పెట్టగానే వెనక్కి లాక్కున్నాను, కుంపటి మీద పెట్టినట్టు కాలింది. ఫ్రిజ్ తన పని తాను చేస్తూనే ఉంది. తీసిన వేడికి బయటికి పోయే దారే లేదు.

ఇరవై ఏళ్లుగా ఫ్రిజ్‌లు బాగుచేస్తున్నాను. మా వైపు ఫ్రిజ్ చల్లబడకపోతే అందరి నోటా వచ్చే మొదటి మాట "గ్యాస్ అయిపోయింది", అంటే ఫ్రిజ్ పైపుల్లో చల్లబరిచే గ్యాస్. ట్రైలరు ఫ్రిజ్ విషయంలో ఆ మాట నమ్మి డబ్బు పెట్టకండి. ఫ్రిజ్ చల్లదనాన్ని తయారుచెయ్యదు. లోపలి వేడిని తీసి వెనక పారబోస్తుంది, అంతే. ఇంట్లో అయితే వెనక గదంతా ఖాళీ. ట్రైలరులో మూడు వైపులా చెక్క, నాలుగో వైపు ఎండకి కాగిన రేకు. పారబోసిన వేడి మళ్లీ ఫ్రిజ్ మీదే పడుతుంది.

ముందు మీది ఏ రకమో చూసుకోండి. కంప్రెసర్ శబ్దం లేకుండా, సిలిండరు గ్యాస్ మంట మీదా 230 వోల్టుల మీదా 12 వోల్టుల మీదా నడిచేదైతే అది అబ్జార్ప్షన్ ఫ్రిజ్. డాక్టరు గారిది అదే. అందులో అమ్మోనియా, నీళ్లు, హైడ్రోజన్ పైపుల్లో సీలు వేసి ఉంటాయి, తిరిగే భాగం ఒక్కటీ ఉండదు. కింద మంట వేడికి అమ్మోనియా ఆవిరై పైకెక్కుతుంది, పైనున్న ఫిన్స్ (వేడి వదిలే పలచటి రేకుల వరస) దగ్గర వేడి వదిలేసి ద్రవమవుతుంది, ఆ ద్రవం లోపల మళ్లీ ఆవిరవుతూ చల్లదనం ఇస్తుంది. ఫిన్స్ దగ్గర వేడి వదలకపోతే ఆ తర్వాత జరగాల్సిందేదీ సరిగ్గా జరగదు. సిలిండరులో ఎంత గ్యాస్ ఉన్నా అంతే.

ఈ రకం ఫ్రిజ్ మట్టంగా నిలబడాలి. లోపల ద్రవం దానంతటదే కిందికి జారాలి కాబట్టి, బండి ఒక పక్కకి వొరిగితే ప్రవాహం ఆగిపోతుంది. అలాగే ఎక్కువసేపు నడిపితే పైపులు లోపల పూడుకుపోయి యూనిట్ శాశ్వతంగా పోవచ్చు. ఫ్రీజరు గదిలో రసమట్టం పెట్టి నిలువుకీ అడ్డానికీ రెండు వైపులా చూడండి. మన లంకల నేల మెత్తన. పొద్దున సరిగ్గా నిలబెట్టిన బండికి సాయంత్రానికి ఒక చక్రం దిగబడి ఉంటుంది. చక్రాల కింద, జాకీల కింద వెడల్పాటి చెక్కలు వెయ్యండి. తడిసిన తోటలో అయితే రోజుకి రెండుసార్లు రసమట్టం పెట్టి చూడండి.

ఇక గాలి దారి. అసలు పని ఇక్కడే ఉంది. కింద ఒక జాలీ, పైన ఒక జాలీ ఉంటాయి. చల్లగాలి కింది నుంచి దూరి, ఫిన్స్‌ని రాసుకుంటూ వేడెక్కి, పై నుంచి పోవాలి, పొయ్యి మీద పొగగొట్టంలా. గాలి ఆడుతోందో లేదో తెలుసుకోడానికి నాకు తెలిసిన సులువైన పరీక్ష అగరుబత్తి. ముందు గ్యాస్ సిలిండరు కట్టేసి, మంట ఆరిందని చూసుకోండి. గొట్టంలో వేడి ఇంకా ఉండగానే వెలిగించిన అగరుబత్తిని కింది జాలీ దగ్గర పట్టుకోండి. పొగ చురుగ్గా లోపలికి పీల్చుకుపోయి, కాసేపటికి పై జాలీలో కనబడితే దారి ఉన్నట్టు. డాక్టరు గారి ట్రైలరు దగ్గర పొగ జాలీ ముందే గుండ్రంగా తిరిగి నా మొహం మీదికొచ్చింది.

రెండు జాలీలూ విప్పి టార్చి వేసి చూస్తే మూడు తప్పులు కనిపించాయి. కింది జాలీ వెనక దోమలు రాకుండా సన్నటి దోమతెర బిగించారు. అది ధాన్యం ఊక, కొబ్బరి పీచు ధూళి పట్టి గుడ్డలా మూసుకుపోయింది. రెండోది, ఫిన్స్‌కీ బయటి గోడకీ మధ్య నాలుగంగుళాల ఖాళీ వదిలేశారు. ఎక్కువ ఖాళీ ఉంటే మంచిదేగా అనిపిస్తుంది. కాదు. గాలి ఎప్పుడూ సులువైన దారి చూసుకుంటుంది. ఆ ఖాళీలోంచి ఫిన్స్‌ని తాకకుండానే పైకి పోతుంది. మూడోది అన్నిటికన్నా చెడ్డది: పై జాలీ ఫిన్స్ కంటే కిందికి ఉంది. ఫ్రిజ్ నెత్తి మీద జానెడు ఎత్తున మూసిన గూడు, దాన్నిండా కదలని వేడిగాలి. ట్రైలరు కట్టినవాళ్లు పెట్టె తయారుచేసి ఫ్రిజ్‌ని అందులోకి తోసేశారు, గాలి ఎటు పోతుందో ఆలోచించలేదు. లక్షలు పోసి కట్టించుకున్నవాళ్ల పిల్లలు పులిసిన పెరుగు తింటుంటే నాకు బాధేసింది.

బాగుచేసిన తీరు ఇది. దోమతెర పీకేసి, వేలెడు కంతలున్న కోళ్ల మెష్ వేశాను. దోమలు ఫ్రిజ్ వెనకనుంచి లోపలికి రాకుండా ఆపాల్సింది జాలీ దగ్గర కాదు, ఫ్రిజ్ చుట్టూ ఉన్న సందుల్లో. ఆ సందులన్నీ లోపలి వైపు నుంచి పూర్తిగా మూసెయ్యాలి. ఇది దోమల కోసమే కాదు. మంట పొగ మనుషులు పడుకునే చోటికి రాకూడదు, అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన ఉండదు. ఈ ఒక్క పనిలో అశ్రద్ధ చెయ్యకండి. వాన జల్లు కొడుతోందని బయటి జాలీకి ప్లాస్టిక్ కవరు కట్టి ఫ్రిజ్ నడపడం కూడా ప్రాణం మీదికి తెస్తుంది.

తర్వాత పలచటి అల్యూమినియం రేకు తెచ్చి రెండు ముక్కలు కోశాను. ఒకటి బయటి గోడకి ఏటవాలుగా బిగించాను, దాంతో ఫిన్స్ వెనక ఖాళీ అంగుళానికి తగ్గింది. ఇప్పుడు గాలి ఫిన్స్‌ని రాసుకోకుండా పైకి పోలేదు. రెండో ముక్కని ఫ్రిజ్ పైఅంచు నుంచి పై జాలీ పైఅంచు దాకా చేటలా వంచి అమర్చాను. నెత్తి మీది గూడు మూసుకుపోయింది, వేడిగాలి వంపు తిరిగి బయటికొస్తోంది. ఫ్రిజ్ పక్కల మిగిలిన సందుల్లో గ్లాస్‌వూల్ కూరాను. థర్మాకోల్ చవకని అక్కడ వాడకండి, దగ్గర్లో మంట ఉంటుంది. రేకు ఏదీ మంట గొట్టానికి తగలకూడదు, దాని పొగకి అడ్డు రాకూడదు.

పై జాలీ కిందికి ఉంది కాబట్టి ఫ్యాన్ కూడా కావాల్సొచ్చింది. కంప్యూటరు లోపల వాడే 120 మిల్లీమీటర్ల 12 వోల్టుల ఫ్యాన్లు రెండు చాలు. ఫిన్స్ పైన, గాలిని బయటికి తోసేలా పెట్టాలి. ఈ పనికి కొత్తలో నేను ఒక బండికి కింద, బర్నరు పక్కన పెట్టాను. ఫ్యాన్ తిరిగినప్పుడల్లా మంట ఆరిపోయింది, రాత్రంతా ఫ్రిజ్ ఆగి వాళ్ల సరుకు పాడైంది. ఆ ఖర్చు నేనే పెట్టుకుని మళ్లీ వెళ్లి ఫ్యాన్ పైకి మార్చాను. ఫ్యాన్ వైరు మధ్యలో 45 డిగ్రీలకి కలిసే చిన్న థర్మల్ స్విచ్ వేసి, దాన్ని ఫిన్స్‌కి ఆనించి కట్టండి. వేడెక్కితే తిరుగుతుంది, చల్లబడితే ఆగుతుంది, బ్యాటరీ మిగులుతుంది. అంతర్వేది వైపు ఉప్పుగాలికి చవక ఫ్యాన్లు ఒక్క సీజనులో పట్టేస్తాయి. బాల్ బేరింగువి కొనండి.

ఆ సాయంత్రం నాలుగింటికి పని అయింది. మళ్లీ అగరుబత్తి పట్టుకుంటే పొగ దారంలా సాగి లోపలికి పోయింది. పై జాలీ దగ్గర చెయ్యి పెడితే వేడిగాలి తోసింది. మర్నాడు తెల్లవారి డాక్టరు గారి అమ్మాయి ఫోన్ చేసి థర్మామీటరు చదివింది, 5 డిగ్రీలు. గ్యాస్ ఒక్క చుక్క మార్చలేదు.

మీది 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ అయితే మట్టం గొడవ అంత లేదు, మంట లేదు. కానీ వేడిని బయటికి వదిలే కండెన్సరుకి గాలి దారి దానికీ అంతే ముఖ్యం. బయటి గాలి ఒక పక్క నుంచి రావాలి, వేడిది ఇంకో పక్క నుంచి పోవాలి, మధ్యలో రేకు అడ్డం ఉండాలి. లేకపోతే వదిలిన వేడిగాలినే మళ్లీ పీలుస్తుంది. దీంట్లో నాకు ఎక్కువగా కనిపించే తప్పు సన్న వైరు. 5 ఆంపియర్లు లాగే ఫ్రిజ్‌కి బ్యాటరీ 6 మీటర్ల దూరంలో ఉంటే, 1.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల మందం) వైరులో పోనూ రానూ దాదాపు ముప్పావు వోల్టు పోతుంది. బ్యాటరీ కాస్త దిగగానే వోల్టేజీ చాలక కంప్రెసర్ ఆగిపోతుంది, మనం ఫ్రిజ్ పోయిందనుకుంటాం. 6 స్క్వేర్ వేస్తే పోయేది 0.2 వోల్టు కూడా ఉండదు.

కొత్తది కొనేవాళ్లు లోపల అంటించిన స్టిక్కరు మీద క్లైమేట్ క్లాస్ చూడండి. ఎన్ అంటే చుట్టూ 32 డిగ్రీల వేడి దాకా, ఎస్‌టీ అంటే 38 దాకా, టీ అంటే 43 దాకా పనిచేసేలా చేసినది. మన మే నెలకి టీ తప్ప వేరేది వద్దు.

బండి నిలిపేటప్పుడు జాలీల వైపు పడమటి ఎండ పడకుండా చూసుకోండి. మే మొదటి వారంలో మనకి మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తినే ఉంటాడు, అప్పుడు ఏ వైపైనా ఒకటే. మధ్యాహ్నం రెండు దాటాక పడమటి గోడే కాగిపోతుంది. కొబ్బరి చెట్టు నీడ కదిలిపోతుంది, మామిడి నీడ నిలుస్తుంది.

లోపలి సంగతి మీకు తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. బయల్దేరే ముందు రోజు రాత్రే ఇంటి కరెంటు మీద ఫ్రిజ్ ఆన్ చెయ్యండి, సరుకు కూడా ఇంట్లోనే చల్లబరిచి పెట్టండి. పులుసు, చారు పూర్తిగా చల్లారాకే లోపలికి. తలుపు రబ్బరులో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగండి, సులువుగా వచ్చేస్తే అక్కడ గాలి దూరుతోంది. మన గాలిలో చెమ్మ ఎక్కువ, తలుపు తీసినప్పుడల్లా ఐసు పేరుకుంటుంది. పెన్సిలంత మందం కాగానే కరిగించండి, చాకుతో గోకొద్దు. చేపలు మాత్రం ఈ ఫ్రిజ్‌లో పెట్టి దాన్ని బాధపెట్టకండి. వరదల్లో పులస దొరికి ఇంటిదాకా తీసుకెళ్లాలంటే, రొయ్యల వాళ్ల దగ్గర దొరికే థర్మాకోల్ పెట్టెలో చిప్స్ ఐసు వేసుకోండి.

పెట్రోలు బంకులోకి వెళ్లేముందు, సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లని గోదావరి దాటించే పడవ) ఎక్కేముందు సిలిండరు కట్టేసి మంట ఆర్పండి. బండి ఆర్నెల్లు పడుకున్నాక బయటికి తీస్తే, వెలిగించే ముందు బర్నరు గొట్టం చూడండి, సాలీళ్లు, కందిరీగలు గూళ్లు పెడతాయి. ఫిన్స్ మీది ఉప్పునీ దుమ్మునీ మెత్తటి పెయింటు బ్రష్‌తో దులపండి. వెనక పైపుల మీద పసుపుపచ్చ పొడి కనిపించినా, ముక్కు మండే అమ్మోనియా వాసన వచ్చినా ఇవేవీ పనిచెయ్యవు. యూనిట్ కారిపోయింది. కరెంటూ గ్యాసూ రెండూ కట్టేసి, కిటికీలు తీసి, అందరూ బయటికొచ్చేయండి. దాన్ని అతికించి నింపుతానని ఎవరన్నా ఒప్పుకోకండి, యూనిట్ మార్చాల్సిందే.