బైక్ చైన్, స్ప్రాకెట్లు: అరుగుదల కొలవడం, నిలిచే సెట్ కొనడం

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చైన్ సెట్‌ని, అంటే చైన్‌నీ ముందూ వెనకా ఉండే రెండు పళ్ల చక్రాల్నీ (స్ప్రాకెట్లు), తినేసేవి ప్రధానంగా మూడు. భావనపాడు, కళింగపట్నం, చింతపల్లి వైపు ఉప్పు గాలి. టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల దుమ్ము. వానాకాలంలో దమ్ము చేసిన మడుల మధ్య గట్ల మీద బురద. మూడింటిలో క్వారీ దుమ్మే ఎక్కువ ప్రమాదం. గ్రానైట్ పొడిలో ఉండే క్వార్ట్జ్ రేణువు గట్టిబరిచిన ఉక్కుకన్నా గట్టిది. అది లోపలికి చేరిందంటే ఎంత ఖరీదైన చైన్ అయినా అరగాల్సిందే. కాబట్టి కొనేటప్పుడు ముందు చూడాల్సింది దుమ్మును బయటే ఆపే సీలు. ఉక్కు సంగతి ఆ తర్వాత.

చైన్‌లో ప్రతి జాయింటు దగ్గరా ఒక పిన్ను, దాని మీద బుష్ అనే చిన్న గొట్టం, బుష్ మీద తిరిగే రోలర్ ఉంటాయి. పిన్నూ బుష్షూ రాసుకుని అరుగుతాయి. ఒక్కో చోట అరిగేది వెంట్రుకవాసి అయినా, వంద పైచిలుకు జాయింట్లలో అరిగిందంతా కలిస్తే చైన్ పొడవు సెంటీమీటరు పైన పెరుగుతుంది. అప్పుడు పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం స్ప్రాకెట్ పళ్ల దూరంతో కలవదు. రోలర్ పంటి మొదట్లో కూర్చోకుండా పైకి ఎక్కి కూర్చుంటుంది. బరువంతా ఒకటి రెండు పళ్ల మీదే పడి, పళ్లు కొక్కేల్లా వంపు తిరుగుతాయి.

కంటిచూపుతో తేల్చకండి, టేపు పెట్టి కొలవండి. 100, 125 సీసీ బళ్లలో ఎక్కువగా వచ్చేది 428 నంబరు చైన్. దీనిలో పిన్ను మధ్య నుంచి పక్క పిన్ను మధ్యకు 12.7 మిల్లీమీటర్లు. చైన్‌ని కింది వైపు గట్టిగా లాగి పట్టుకుని 21 పిన్నులు లెక్కపెట్టండి. మొదటి పిన్ను మధ్య నుంచి చివరి పిన్ను మధ్యకు 20 ఖాళీలు వస్తాయి. కొత్తదైతే 254 మిల్లీమీటర్లు ఉండాలి. మామూలు చైన్ 259 దాటితే పని అయిపోయినట్టే. ఓ-రింగ్ చైన్ (జాయింట్లలో గ్రీజు నింపి రబ్బరు రింగులతో మూసింది) అయితే 256.5 దగ్గరే ఆపేయడం మంచిది. లోపల గ్రీజు అయిపోయాక దాని అరుగుదల ఒక్కసారిగా పెరుగుతుంది. పెద్ద బళ్లకు వచ్చే 520 చైన్‌లో ఇదే కొలత కొత్తగా ఉన్నప్పుడు 317.5, రెండు శాతం పెరిగితే దాదాపు 324. చక్రం తిప్పుతూ మూడు నాలుగు చోట్ల కొలవండి, ఎక్కువ వచ్చిన అంకెనే లెక్కలోకి తీసుకోండి. చైన్ అంతటా ఒకేలా అరగదు. ఒక చోట బిగుతుగా, ఇంకో చోట వదులుగా ఉంటే ఎంత అడ్జస్ట్ చేసినా చైన్ మోత పోదు.

టేపు లేకపోతే ఇంకో పరీక్ష. వెనక స్ప్రాకెట్ చివరన, చక్రానికి సరిగ్గా వెనక్కి ఉన్న చోట, చైన్‌ని వేళ్లతో బయటికి లాగండి. పంటిలో సగానికి మించి బయటపడితే సెట్ మార్చే సమయం వచ్చినట్టే. ఇంజిన్ ఆఫ్‌లో ఉన్నప్పుడే వేళ్లు పెట్టాలని మళ్లీ చెప్పక్కర్లేదు గానీ, సెంటర్ స్టాండు మీద గేర్ వేసి నడిపిస్తూ చైన్ తుడిచేవాళ్లు ఇంకా ఉన్నారు. వేలు స్ప్రాకెట్లోకి పోవడానికి క్షణం చాలు.

స్ప్రాకెట్ పళ్లు కూడా చాలా చెప్తాయి. రెండు వైపులా సమానంగా సన్నబడితే మామూలు అరుగుదల. ఒక పక్క మాత్రమే మెరుస్తూ అరిగితే చక్రం వంకరగా బిగించారని అర్థం. ముందున్న చిన్న స్ప్రాకెట్ సాధారణంగా ముందే పోతుంది. 14 పళ్లు ముందు, 42 వెనక ఉంటే చిన్నది మూడు చుట్లు తిరిగితే పెద్దది ఒక్క చుట్టు తిరుగుతుంది. పైగా అది కవరు వెనక దాగి ఉంటుంది కాబట్టి ఎవరూ చూడరు. కవరు విప్పితే లోపల గ్రీజూ దుమ్మూ కలిసి గట్టిపడిన ముద్ద కనిపిస్తుంది. దాన్ని గీకి తీసేయకుండా కొత్త సెట్ వేయడం వృథా.

డబ్బు మిగులుతుందని చైన్ ఒక్కటే మార్చే అలవాటు మన దగ్గర బాగా ఉంది. కొక్కెం తిరిగిన పళ్ల మీద కొత్త చైన్ వేస్తే కొన్ని రోలర్ల మీదే లాగుడు పడి అదీ త్వరగా పాడవుతుంది. మూడూ కలిపి సెట్‌గా మార్చండి.

ఇక ఏది కొనాలి? రోజూ మట్టి రోడ్డు, క్వారీ, సముద్రపు ఒడ్డు అయితే మీ బండి కొలతకు ఓ-రింగ్ చైన్ దొరుకుతుందేమో అడగండి. పిన్నుకూ బుష్‌కూ మధ్య గ్రీజు నింపి, ప్లేట్ల నడుమ రబ్బరు రింగులతో మూసేస్తారు. ఎక్స్-రింగ్ అన్నది అదే పని తక్కువ రాపిడితో చేస్తుంది. ఇవి కాస్త వెడల్పుగా ఉంటాయి, కాబట్టి చైన్ కవరుకూ ఇంజిన్ కేసుకూ తగులుతుందేమో ముందే చూసుకోవాలి. దొరక్కపోతే 428హెచ్ అడగండి. ప్లేట్లు మందంగా ఉంటాయి, బరువు వేసే బండికి నయం. అయితే మందమైన ప్లేటు దుమ్మును ఆపదు, అది గుర్తుంచుకోండి. బంగారు రంగు, నికెల్ పూత తుప్పును ఆపుతాయి తప్ప పిన్ను అరుగుదలను ఆపవు. ఉప్పు గాలికి ఆ పూత పనికొస్తుంది, లోతట్టు ఊళ్లలో అది అందానికే.

స్ప్రాకెట్‌లో వెనకదానికి మీడియం కార్బన్ ఉక్కు, పళ్ల దగ్గర ఇండక్షన్‌తో, అంటే కరెంటుతో వేడి పుట్టించి, గట్టిబరిచింది కావాలి. పూత లేని స్ప్రాకెట్‌లో పళ్ల చుట్టూ నీలి నలుపు పట్టీ కనిపిస్తే అది ఆ వేడి గుర్తు. తెల్ల జింకు పూత వేసినవాటిలో అది కనిపించదు. ఆకురాయి పెట్టి చూస్తే మధ్య భాగంలో కోసినంత తేలిగ్గా పంటి మీద కోయకూడదు. రెండు చోట్లా ఒకేలా తెగితే అది మెత్తటి రేకు. ముందు స్ప్రాకెట్‌కి అల్లాయ్ ఉక్కు, కేస్ హార్డెనింగ్ చేసింది (పై పొరను గట్టిబరిచింది) తీసుకోండి. తేలికని అల్యూమినియం స్ప్రాకెట్ జోలికి పోవద్దు. రేసులకు సరే, క్వారీ దుమ్ములో ఉక్కులో సగం కాలం కూడా ఆశించవద్దు. అసలు సరుకుకు లింకు ప్లేటు మీద కంపెనీ పేరు, నంబరు అచ్చు ఉంటాయి. రోలన్ అయినా డైమండ్ అయినా ఆ అచ్చు చూసి, లింకుల సంఖ్య పాత చైన్‌వి లెక్కపెట్టి తీసుకోండి. పాతది అరిగి పొడుగైంది కదా, పక్కపక్కన పెట్టి పొడవు చూస్తే ఒక లింకు తేడా పడొచ్చు.

బిగించేటప్పుడు చైన్ విప్పకముందే, ఒకరు వెనక బ్రేకు తొక్కి పట్టుకుంటే, ముందు స్ప్రాకెట్ బోల్టులు వదులు చేయండి. చైన్ తీశాక తిప్పితే గేర్‌బాక్స్ షాఫ్టు కూడా తిరుగుతుంది. వెనక చక్రం బయటికి వచ్చినప్పుడు డ్రమ్ములోని కప్లింగ్ రబ్బర్లు చూడండి. స్ప్రాకెట్ చేత్తో ముందుకూ వెనక్కూ ఆడితే రబ్బర్లు అరిగినట్టే. ఆ కుదుపు నేరుగా కొత్త చైన్ మీదికి పోతుంది. చైన్ రెండు కొసల్నీ కలిపే లింకు మీది లాక్ క్లిప్పు మూసిన వైపు చైన్ నడిచే దిక్కుకే ఉండాలి. అంటే పై వరసలో ముందుకు. తిరగేసి పెడితే రాయి తగిలి ఊడిపోతుంది.

వదులు ఎంత ఉండాలన్నది బండిని బట్టి మారుతుంది. చాలా కమ్యూటర్ బళ్లలో కింది వరస మధ్యలో 20 నుంచి 30 మిల్లీమీటర్లు. మీ బండి మాన్యువల్‌లో ఉన్నదే ఖాయం. చక్రం తిప్పి బాగా బిగుతుగా ఉన్న చోట కొలవండి. మరీ బిగిస్తే చప్పుడు పోతుంది కానీ ఇద్దరు ఎక్కి గుంతలో పడగానే గేర్‌బాక్స్ బేరింగు, ఆయిల్ సీలు దెబ్బతింటాయి.

ఆయిల్ విషయంలో ఒక్కటే మాట: సర్వీసులో తీసిన పాత ఇంజిన్ ఆయిల్ పోయవద్దు. అందులో లోహపు పొడి, మసి ఉంటాయి, అది వాల్వులు రుద్దే పేస్టులా పని చేస్తుంది. పైనుంచి గ్రీజు పూయడమూ అంతే. బుష్ లోపలికి వెళ్లదు, దుమ్మును మాత్రం పట్టి ఉంచుతుంది. దాదాపు 500 కిలోమీటర్లకు ఒకసారి, వాన తడిచినా ఉప్పు మడుల వైపు వెళ్లొచ్చినా ఇంకా ముందే, కిరసనాయిలు తడిపిన గుడ్డతో తుడిచి, ఆరాక 90 నంబరు గేర్ ఆయిల్ కింది వరస లోపలి వైపు చుక్కలు చుక్కలుగా వేయండి. పది నిమిషాలాగి పైపైన తుడిచేయండి. ఓ-రింగ్ చైన్‌కి పెట్రోలు, వైరు బ్రష్షు, ప్రెషర్ వాష్ పనికిరావు.

కొత్త సెట్ వేసిన మొదటి 500 కిలోమీటర్లకు వదులు మళ్లీ చూసుకోవాలి. చక్రం వెనక్కి జరిపితే డ్రమ్ బ్రేకు రాడ్డు బిగిసిపోతుంది, కాబట్టి బ్రేకు నట్టు వదులు చేసి, చక్రం చేత్తో తిరుగుతోందో లేదో చూడండి. బ్రేకు లైటు స్విచ్‌ని కూడా సరిచూశాకే యాక్సిల్ నట్టుకి స్ప్లిట్ పిన్ను పెట్టండి.