ఏడాది ఖర్చు రాశాకే రిటైర్మెంట్ లెక్క

రిటైర్మెంట్‌కి ఎంత దాచాలని ఎవరైనా అడిగితే, మీ ఇంటికి ఏడాదికి ఎంతవుతోందని నేను తిరిగి అడుగుతాను. నోటిలెక్క పనికిరాదు. నా 52వ ఏట ఒక రూళ్ల పుస్తకం పెట్టుకుని, నేనూ మా ఆవిడా పన్నెండు నెలలు రాశాం. మూడు నెలలకే సంగతి తెలిసిపోయిందనుకున్నాం. నాలుగో నెలలో బీమా ప్రీమియం, ఏడో నెలలో పైకప్పు మరమ్మతు, పదో నెలలో ఆవిడ పంటి వైద్యం వచ్చిపడ్డాయి. చివర్లో కూడితే నేను అనుకున్నదానికి నాలుగో వంతు ఎక్కువ తేలింది. అందుకే ఏడాది నిండేదాకా రాయండి.

తర్వాత ఒక్కో ఖర్చు పక్కన గుర్తు పెట్టండి: ఉద్యోగం మానేశాక ఇది పోతుందా, ఉంటుందా, పెరుగుతుందా? ఆఫీసు రాకపోకలు పోతాయి, మందులు పెరుగుతాయి.

ఇక ధరలు. 72ని ధరలు ఏటా పెరిగే శాతంతో భాగిస్తే, ఖర్చు ఎన్నేళ్లలో రెట్టింపవుతుందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. 6 శాతమైతే 12 ఏళ్లు. అంటే 60వ ఏట 100 అయ్యేది 72వ ఏట 200, 84వ ఏట 400. ఈ లెక్క వేసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

1994లో అమెరికాలోని ఆర్థిక సలహాదారు విలియం బెంగెన్ అక్కడి పాత మార్కెట్ లెక్కలు తిరగేశాడు. మొదటి ఏడాది దాచినదాంట్లో 4 శాతం తీసుకుని, ఆపైన ధరలతో పాటు పెంచుకుంటూ పోయినా సొమ్ము కనీసం 30 ఏళ్లు వచ్చేదని తేల్చాడు. అంటే పెన్షన్ పోను మిగిలే ఏడాది ఖర్చుకి 25 రెట్లు ఉండాలన్నమాట. అది ఆ దేశపు లెక్క కాబట్టి నేను 30 రెట్లు పెట్టుకున్నాను.

నా ఇంటి లోను చివరి వాయిదా 63వ ఏట పడేలా ఉండేది, జీతమేమో 60కే ఆగిపోతుందనుకున్నాను. జీతం పెరిగినప్పుడల్లా ఆ పెంపులో సగం అసలుకి కట్టి, 58కే తీర్చేశాను. మీ లోను కాగితాల్లో ఆఖరి తేదీ ఈరోజే చూడండి. ఆరోగ్య బీమా కూడా ఆఫీసుదే నమ్ముకోకుండా, ఒంట్లో బాగున్నప్పుడే సొంతంగా తీసుకోండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు చాలా పాలసీలు కొన్నేళ్లు ఆగమంటాయి.

షేర్లలో 100 ఉన్నది 70కి పడితే, మళ్లీ 100 కావడానికి 43 శాతం దాకా పెరగాలి. జీతం వస్తుంటే ఓపిక పట్టొచ్చు, రాకపోతే పడిన ధరకే అమ్ముకుని తినాలి. అందుకని 55 నుంచి ఏటా కొంత తీసి, మూడేళ్ల ఖర్చు డిపాజిట్లలోకి మార్చాను.

పోయినేడు, రిటైరయ్యాక నెలకి వస్తుందనుకున్న సొమ్ముతోనే ఆర్నెల్లు గడిపి చూశాం. మిగతా జీతాన్ని ముట్టలేదు. నాలుగు నెలలు బాగానే సాగింది, ఐదో నెలలో చాల్లేదు. మరో ఏడాది పనిచేస్తే దాచేది ఒక ఏడాది పెరుగుతుంది, తీసుకు తినేది ఒక ఏడాది తగ్గుతుంది. అదే పుస్తకం ముందు పెట్టుకుని ఇద్దరం మాట్లాడుకున్నాం. నేను 61 దాకా చేస్తున్నాను.