తాతకూ టాటాకూ తేడా: ఇంట్లో బిడ్డకు మాట నేర్పడం

కావలిలోనో కందుకూరులోనో వాకిట్లో కూర్చున్న బిడ్డ, తాతను చూసి ‘తా’ అని, ఊరికి బయలుదేరిన మేనమామకు చెయ్యి ఊపి ‘టా’ అంటే మనకు వింతగా తోచదు. ఆ రెండు ధ్వనుల భేదాన్ని ఆరేడు నెలల పసివాళ్లు ఇంగ్లీషు ఇళ్లలోనూ పసిగట్టగలరని, ఏడాది నిండేసరికి అక్కడి పిల్లల్లో ఆ నేర్పు సన్నగిల్లుతుందని పరిశోధకులు జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో హిందీ ధ్వనులతో చూపించారు. కాబట్టి ఇంకా అర్థం కాదులే అని ఊరుకోకుండా, నీళ్లు పోసేటప్పుడూ ఉయ్యాల ఊపేటప్పుడూ మీ ఇంటి తెలుగులోనే మాట్లాడుతూ ఉండాలి. ‘యాడికి’, ‘ఎట్టా’ అనే మాటలు బిడ్డ నోట వచ్చాయని దిద్దవద్దు; పుస్తకాల తెలుగు బడిలో ఎలాగూ వస్తుంది.

అన్నం పెట్టే వేళ ఫోను పక్కన పెట్టాలి. 2003లో పరిశోధకురాలు ప్యాట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికా పిల్లలకు చైనా మాండరిన్ వినిపించినప్పుడు, మనిషి ఎదుట కూర్చుని ఆడించిన పిల్లలు ఆ ధ్వనులను పట్టుకున్నారు, అదే మాటలను టీవీలో చూసినవారు పట్టుకోలేదు. ముద్ద చేతిలో ఉంచుకుని జేజి ‘ఇదేంది?’ అని అడిగి, బిడ్డ పెదవులు కదిలేదాకా ఆగి, ‘బు’ అనగానే ‘బువ్వా? పప్పు బువ్వ కావాల్నా?’ అని పెంచి చెప్పడంలో అసలు పాఠం ఉంది. ఆ ఆగడమే కష్టం. మనమే గబగబా జవాబు చెప్పేస్తాం.

ఎదురుగా కూర్చోబెట్టి ముద్దుమాటలతోనే నేర్పాలన్న నియమం మాత్రం లేదు. పాపువా న్యూగినీలోని కలూలి తెగ తల్లులు పసిబిడ్డను తమవైపు కాక ఇతరులవైపు తిప్పి పట్టుకుని, బిడ్డ తరఫున తామే గొంతు మార్చి మాట్లాడతారు. బిడ్డకు మాటలు మొదలయ్యాక ‘ఇలా అను’ అని వాక్యం అందిస్తారు. మన ఇళ్లలోనూ ‘అత్తా, అన్నం తిన్నావా అను’ అని పిల్లల చేత పలికించడం ఉంది. చుట్టాలు వచ్చినప్పుడు దీన్ని తప్పక వాడండి, కాని నలుగురిలో బలవంతపెట్టకండి.

పేరు పెట్టి పిలిచినా తిరగకపోతే, రెండేళ్లు నిండినా రెండు మాటలు కలపకపోతే వినికిడి పరీక్ష చేయించాలి. ‘వాళ్ల నాయనా ఆలస్యంగానే మాట్లాడాడు’ అని పెద్దలు అన్నారని ఏడాది గడపరాదు.