జీతం లేని ఇంటర్న్‌షిప్ మానేసే ముందు జాగ్రత్తలు

ముందు లెక్క వేయండి. తిరుపతి నుంచి రేణిగుంటకు రానూపోనూ చార్జీలు, టిఫిను కలిపి రోజుకు 120 రూపాయలు అవుతుంటే 26 రోజులకు 3,120. హాస్టల్ అద్దె వేరే. దానికి ఎదురుగా ఈ నెల కొత్తగా నేర్చుకున్న మూడు పనులు రాయండి. జిరాక్సులు తీయడం, ఎక్సెల్‌లో పేర్లు ఎక్కించడం తప్ప ఇంకేమీ తోచకపోతే ఉండి లాభం లేదు.

• చేరేటప్పుడు ఇచ్చిన కాగితం మళ్లీ చదవండి. 1961 అప్రెంటిస్ చట్టం కింద ఒప్పందం ఉంటే స్టైపెండ్ ఇవ్వాల్సిందే, అడగకుండా మానేయకండి.

• డిగ్రీ పూర్తికి లెక్కకట్టే క్రెడిట్ల కోసం చేస్తుంటే కాలేజీ గైడ్‌కు ముందే చెప్పండి. మధ్యలో చోటు మారితే పాత వారాలు లెక్కలోకి వస్తాయా అని మెయిల్‌లో అడగండి, నోటిమాట చాలదు.

• రోజువారీ పని రాసే లాగ్‌బుక్ దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. తేదీ, పని, గంటలు, సూపర్‌వైజర్ సంతకం: ఏ వరుసలోనూ ఒక్క గడి ఖాళీగా ఉండకూడదు. మానేశాక సంతకం కోసం తిరిగితే ఫోన్ కూడా ఎత్తరు. సంతకాలు, స్టాంపు పడ్డాకే, ప్రతి పేజీ ఫొటో తీసుకున్నాకే కంపెనీలో మానేసే మాట ఎత్తండి.

• ఒరిజినల్ మార్కుల జాబితాలు వాళ్ల దగ్గర ఉంటే అన్నిటికంటే ముందు వెనక్కి తీసుకోండి. పాపం, పిల్లలు మొహమాటపడి వదిలేసేది ఇదే.

• కంపెనీ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వేసుకోవద్దు.

చివరి తేదీ రాసి, అనుభవ పత్రం అడుగుతూ రెండు వాక్యాల మెయిల్ పెట్టండి.