లినాక్ కొనేటప్పుడు కంపెనీ వాళ్లను ఏం అడగాలి

లినాక్ అంటే క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చే మెషిన్. అది అమ్మే కంపెనీ నుంచి సేల్స్ వాళ్లు వస్తే మొదటి అరగంట వీడియోకే సరిపోతుంది. గ్యాంట్రీ (పేషెంటు చుట్టూ తిరిగే మెషిన్ భాగం) చప్పుడు లేకుండా తిరుగుతుంటుంది, కణితి చుట్టూ రంగురంగుల డోసు గీతలు బిగుసుకుంటాయి, చివర్లో పేషెంటు చెయ్యి ఊపుతూ వెళ్తుంది. అప్పటిదాకా నేను నోట్‌బుక్ తెరవను. వీడియో అయ్యాక ఒకటే అడుగుతాను: "ఇది ఆగిపోయిన రోజు మీరేం చేస్తారు?"

నేను మెడికల్ ఫిజిసిస్టుని, అంటే రేడియేషన్ డోసు లెక్కలు, మెషిన్ కొలతలు చూసేవాణ్ణి. మూడు లినాక్‌ల కొనుగోలు కమిటీల్లో కూర్చున్నాను. మొదటిసారి బ్రోషర్ చూసి మురిసిపోయి సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ అనుభవంతోనే ఇది రాస్తున్నాను. కమిటీలో కొత్తగా కూర్చునే ఫిజిసిస్టులకు, డాక్టర్లకు, ఆస్పత్రి అడ్మినిస్ట్రేషన్ వాళ్లకు పనికొస్తుందని.

మెషిన్ ఏమేం చేయగలదో ముందే ఎందుకు అడగనంటే, వేరియన్ అయినా ఎలెక్టా అయినా యాక్యురే అయినా ఇవాళ ఐఎంఆర్‌టీ (కణితి ఆకారానికి తగ్గట్టు బీమ్ తీవ్రత మార్చి ఇచ్చే పద్ధతి) చేయలేని మెషిన్ అమ్మడం లేదు, ఇమేజింగ్ లేని మెషినూ అమ్మడం లేదు. తేడాలుంటాయి, కాదనను. కానీ మీ పేషెంటుకు తగిలే పెద్ద తేడా మెషిన్ ఆగినప్పుడే బయటపడుతుంది. తల, మెడ క్యాన్సర్లకు సుమారు 30 నుంచి 35 సిట్టింగులు, వారానికి ఐదు చొప్పున ఇస్తాం. కోర్సు ఒక్కో రోజు సాగుతున్నకొద్దీ కణితి అదుపులోకి వచ్చే అవకాశం దాదాపు ఒక శాతం చొప్పున తగ్గుతుందని రేడియోథెరపీలో అందరికీ తెలిసిన లెక్క. నాలుగు రోజుల బ్రేక్‌డౌన్ అంటే అంత ఖరీదు.

సరే, మొదటి పని కంపెనీతో కాదు, మీ రిజిస్టరుతో. గత ఏడాది వచ్చిన కేసులు ఎన్ని, ఏ రకం, ఎంతమందికి ఎలక్ట్రాన్ బీమ్ (చర్మానికి దగ్గరి కణితులకు ఇచ్చేది) వాడాం, ఎముక నొప్పికి ఒకటి రెండు సిట్టింగులతో పంపినవాళ్లు ఎందరు అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. ఎలక్ట్రాన్లు తరచూ వాడే చోటు అయితే, 2017లో వచ్చిన వేరియన్ హాల్సియన్ లాంటి రింగు మెషిన్ ఒక్కటే కొంటే ఇబ్బంది పడతారు. అందులో 6 ఎంవీ (మెగావోల్ట్, బీమ్ శక్తి కొలత) ఫోటాన్లు, అంటే ఎక్స్‌రేలు తప్ప ఎలక్ట్రాన్లు లేవు. బ్రెస్టు, సర్విక్స్, తల-మెడ కేసులు వరసగా వచ్చే చోట అదే మెషిన్ హాయిగా, వేగంగా పనిచేస్తుంది. ఇంకోవైపు, "ఉంటే మంచిదే కదా" అని 15 ఎంవీ అడిగేవాళ్లూ ఉంటారు. 10 ఎంవీ దాటితే న్యూట్రాన్లు లెక్కలోకి వస్తాయి. తలుపు కట్టే పద్ధతి మారుతుంది, బరువు పెరుగుతుంది. వాడేది నెలకు రెండు కేసులకైతే ఆ తలనొప్పి ఎందుకు?

బంకర్ (మెషిన్ పెట్టే మందపాటి గోడల గది) గురించి తొందరగా చెప్పేస్తాను. పాత కోబాల్ట్ రేడియేషన్ మెషిన్ గది ఉంది, అందులోనే లినాక్ పెట్టేద్దాం అని ఎవరో ఒకరు తప్పక అంటారు. కోబాల్ట్-60 గామా కిరణాల సగటు శక్తి 1.25 ఎంఈవీ. ఆ గోడలు దానికి కట్టినవి. లినాక్ బీమ్ నేరుగా తగిలే గోడకు రెండు మీటర్లు, ఇంకా ఎక్కువ కాంక్రీటు కావాల్సి వస్తుంది. కంపెనీ సైట్ డ్రాయింగ్ ఇస్తుంది, తీసుకోండి. షీల్డింగ్ (రేడియేషన్ ఆపే గోడల మందం) లెక్క మాత్రం మీ ఫిజిసిస్టు వేయాలి, మీ రేడియేషన్ నియంత్రణ సంస్థ ఆమోదించాలి. మెషిన్ దింపే దారిలో ప్రతి మలుపునూ టేపు పెట్టి కొలవండి. చిల్లర్ (మెషిన్‌ను చల్లబరిచే యూనిట్) ఎవరిదో, దాని సర్వీసు ఎవరిదో కాగితం మీద పెట్టండి. మా బ్రేక్‌డౌన్ రిజిస్టరు తిరగేస్తే మెషిన్ తప్పు కంటే చిల్లర్ తప్పే ఎక్కువసార్లు కనిపిస్తుంది. అలాంటప్పుడు కంపెనీ ఇంజినీరు వచ్చి "ఇది మా పరిధి కాదండీ" అని వెళ్లిపోతాడు.

ఇక సర్వీస్ కాంట్రాక్టు. ఇక్కడ నిదానంగా కూర్చోండి, వేడిగా వాదించండి.

ప్రతి కంపెనీ "98 శాతం అప్‌టైమ్" అంటుంది. ఆ 98 దేని మీద? ఏడాదికి 365 రోజులు, రోజుకు 24 గంటలు అని లెక్కేస్తే 8,760 గంటలు. అందులో రెండు శాతం 175 గంటలు. మీరు రోజుకు పది గంటలు ట్రీట్‌మెంట్ చేస్తారనుకుంటే, పదిహేడు పనిదినాలకు పైగా మెషిన్ ఆగినా కంపెనీ మాట తప్పినట్టు కాదు! అదే మీ ట్రీట్‌మెంట్ వేళల మీద, అంటే 250 పనిదినాలు, రోజుకు పది గంటల చొప్పున 2,500 గంటల మీద లెక్కిస్తే రెండు శాతం 50 గంటలు, ఐదు రోజులు. సంఖ్య అదే, అర్థం మూడింతలకు పైగా మారిపోయింది. కాబట్టి కాంట్రాక్టులో "ట్రీట్‌మెంట్ వేళల్లో" అన్న మాట రాయించండి. ముందే అనుకున్న మెయింటెనెన్స్ ఆ లెక్కలో ఉందా లేదా, అదీ రాయించండి. అప్‌టైమ్ తగ్గితే ఏమిస్తారు? కాంట్రాక్టు గడువు పొడిగింపా, ఇంకేదైనానా? నోటితో ఇచ్చే హామీలు నీటి మూటలు.

తర్వాత స్పేర్స్. బీమ్‌కు ఆకారం ఇచ్చే సన్నటి లోహపు రేకుల అమరికను మల్టీలీఫ్ కొలిమేటర్ అంటారు. అందులో ఒక్కో లీఫ్‌కు ఒక మోటారు ఉంటుంది. 120 లీఫులంటే 120 మోటార్లు. వాటిలో ఏదో ఒకటి అలసిపోతూనే ఉంటుంది. కొన్ని మోటార్లు మీ ఆస్పత్రి బీరువాలోనే ఉండాలని అడగండి. మాగ్నెట్రాన్ లేదా క్లైస్ట్రాన్, థైరట్రాన్, ఎలక్ట్రాన్ గన్ లాంటి, బీమ్ పుట్టించడానికి కావలసిన భాగాలు ఏ గోడౌన్‌లో ఉంటాయి, అక్కడి నుంచి మీ తలుపు దాకా ఎన్ని గంటలు పడుతుంది, మధ్యలో కస్టమ్స్ ఉందా? "ఇంజినీరు నాలుగు గంటల్లో వస్తాడు" అంటే సంబరపడకండి. ఇంజినీరు వచ్చి, చూసి, "పార్టు రావాలి" అని చెప్పడానికి నాలుగు గంటలన్నమాట. అదే మెషిన్ వాడుతున్న ఇంకో ఆస్పత్రికి మీరే ఫోను చేయండి, కంపెనీ వాళ్లిచ్చిన నంబర్లకు కాదు. అక్కడి డాక్టరుతో కాకుండా మెషిన్ నడిపే టెక్నాలజిస్టుతో మాట్లాడండి. పదేళ్ల అనుభవం పది నిమిషాల్లో బయటికొస్తుంది.

కంపెనీ ఎన్నాళ్లుంటుంది అని అడగడానికి మొహమాటపడతాం. పడకండి. లినాక్‌ను పదేళ్లు, పన్నెండేళ్లు వాడతాం. సీమెన్స్ 2011లో లినాక్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. పదేళ్లు తిరక్కముందే, 2021లో, సీమెన్స్ హెల్తినీర్స్ వేరియన్‌నే కొనేసింది. ఎంఆర్‌ఐ కలిపిన లినాక్ తయారుచేసిన వ్యూరే 2023లో దివాలా పిటిషన్ వేసింది. వాళ్ల మెషిన్లు వాడుతున్న ఆస్పత్రులకు తర్వాతి సర్వీసు ఎలాగన్నది రాత్రికి రాత్రే ప్రశ్నయింది. ఈ మోడల్ అమ్మకం ఆపేశాక ఎన్నేళ్లు స్పేర్స్ ఇస్తారు, సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వస్తే మన కంప్యూటర్లు కూడా మార్చాలా అన్నది రాతలో తీసుకోండి. ప్లాన్, డోసు, అవయవాల గీతలు మూడూ డైకామ్ (మెడికల్ ఫైళ్లకు ఉమ్మడి ఫార్మాట్) ఫైళ్లుగా బయటికి తీసి వేరే కంపెనీ సిస్టమ్‌లో తెరిచి చూపించమని డెమోలోనే అడగండి. అంతదాకా గలగలా మాట్లాడిన గది ఒక్కసారిగా నిశ్శబ్దమైతే, ఆ లైసెన్సు విడిగా కొనాలని అర్థం.

డెమోలో నేను చేసే ఇంకో పని చూసి కుర్ర ఇంజినీర్లు నవ్వుకుంటారు. కావాలనే తప్పు బీమ్ ఎంచుకుని, గబగబా వెనక్కి వెళ్లి దిద్ది, వెంటనే బీమ్ ఆన్ దాకా తెస్తాను. థెరాక్-25 సంగతి తెలిసినవాళ్లు నవ్వరు. కెనడా సంస్థ ఏఈసీఎల్ తయారుచేసిన ఆ మెషిన్ 1985 నుంచి 1987 దాకా ఆరుసార్లు పేషెంట్లకు విపరీతమైన డోసు ఇచ్చింది, ప్రాణాలు పోయాయి. 1986లో టెక్సస్‌లో జరిగినప్పుడు, ఆపరేటరు ఎలక్ట్రాన్‌కు బదులు ఎక్స్‌రే అని టైపు చేసి, తప్పు చూసుకుని చకచకా దిద్దింది. ఆ వేగానికి సాఫ్ట్‌వేర్ తడబడింది. ఎక్స్‌రేకు కావలసిన భారీ ఎలక్ట్రాన్ కరెంటు, దారిలో టార్గెట్ (ఎలక్ట్రాన్లను ఎక్స్‌రేలుగా మార్చే లోహపు ముక్క) లేకుండానే బయటికొచ్చింది. స్క్రీన్ మీద కనిపించింది "మాల్‌ఫంక్షన్ 54" అంతే. అంతకుముందు మోడల్‌లో ఉన్న హార్డ్‌వేర్ ఇంటర్‌లాకులను (ప్రమాదముంటే బీమ్ రాకుండా ఆపేసే ఏర్పాట్లను) ఇందులో తీసేసి, భారమంతా సాఫ్ట్‌వేర్ మీద వేశారు. ఫిర్యాదు వస్తే మా మెషిన్‌తో ఎక్కువ డోసు పడే అవకాశమే లేదని కంపెనీ జవాబిచ్చింది. అందుకే ఇప్పటికీ అడుగుతాను: ఏ ఇంటర్‌లాకు హార్డ్‌వేర్‌లో ఉంది, ఏది సాఫ్ట్‌వేర్‌లో ఉంది, ఏ ఎర్రరుకు మా టెక్నాలజిస్టు "ఓకే" నొక్కి ముందుకెళ్లగలడు, దేనికి వెళ్లలేడు?

మెషిన్ వచ్చి బిగించాక రెండు పనులుంటాయి, ఈ రెండూ కలిపేయకండి. యాక్సెప్టెన్స్ అంటే కంపెనీ చెప్పిన స్పెసిఫికేషన్‌లో మెషిన్ ఉందని వాళ్ల ఇంజినీరు మీ ముందు నిరూపించడం. మీరు సంతకం పెట్టగానే వారంటీ గడియారం మొదలవుతుంది, కాబట్టి "ఇదొక్కటీ వచ్చే వారం చేసేస్తాం సార్" అంటే సంతకం కూడా వచ్చే వారమే. కమిషనింగ్ అంటే డోసు లెక్కగట్టే మీ ప్లానింగ్ సిస్టమ్‌కు మీ బీమ్ ఎలా ఉంటుందో కొలిచి నేర్పడం. ఇది మీ పని. కంపెనీ రిఫరెన్సు డేటా ఇస్తుంది, పోల్చుకోవడానికి బాగుంటుంది. దాన్నే ఎక్కించేసి కొలవడం మానేయకండి. ఒక సెంటీమీటరు ఫీల్డును (బీమ్ పడే చోటును), డోసు కొలిచే మామూలు 0.6 సీసీ ఫార్మర్ చాంబర్‌తో కొలవకండి. చాంబర్ ఫీల్డు కంటే పెద్దది, రీడింగు తక్కువ చూపిస్తుంది. చిన్న డయోడ్ డిటెక్టరో, మైక్రోడైమండ్ డిటెక్టరో తెచ్చుకోండి.

నా తప్పు ఒకటి చెప్పాలి. మా రెండో మెషిన్‌కు డోసు క్యాలిబ్రేషన్ చేస్తున్నాం. వాటర్ ఫాంటమ్ (శరీరానికి బదులు వాడే నీళ్ల తొట్టి) నింపాం, చాంబర్ దించాం, 100 ఎంయూ (మెషిన్ డోసు లెక్కించే యూనిట్లు) ఇచ్చాం. చాంబర్‌లోని గాలి సాంద్రతను బట్టి రీడింగు మారుతుంది కనుక ఉష్ణోగ్రత, పీడనం దిద్దాలి. బారోమీటర్ బ్యాటరీ అయిపోయింది. ఫోనులో వాతావరణం యాప్ తెరిస్తే 1013 హెక్టోపాస్కల్ అని ఉంది, వేసేశాను. డోసు ఆరు శాతం తక్కువ వచ్చింది. అవుట్‌పుట్ పెంచమని ఇంజినీరుకు చెప్పాను కూడా. ఆయన ఈ పనిలో పండిపోయిన మనిషి. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, "పీడనం ఎక్కడ చూశారండీ?" అన్నాడు.

యాప్ చూపేది సముద్రమట్టానికి సవరించిన పీడనం. మేమున్నది దాదాపు 500 మీటర్ల ఎత్తున. అక్కడి అసలు పీడనం 955 దగ్గర. మెషిన్ సరిగ్గానే ఉంది. నేను చెప్పినట్టు తిప్పేసి ఉంటే ప్రతి పేషెంటుకూ ఆరు శాతం ఎక్కువ పడేది. అప్పటి నుంచి మా దగ్గర రెండు బారోమీటర్లు ఉంటాయి, రెండో ఫిజిసిస్టు మొదటివాడి కాగితం చూడకుండా మళ్లీ కొలుస్తాడు. నీళ్లు అప్పుడే పట్టి ఉంటే గది వేడికి వచ్చేదాకా ఆగుతాం. మూడు డిగ్రీల తేడా అంటే ఒక శాతం తప్పు.

చివరి మెట్టు బయటివాళ్ల చేత చూపించుకోవడం. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 1969 నుంచి పోస్టులో డోసిమీటర్లు (పడిన డోసును నమోదు చేసే చిన్న పరికరాలు) పంపి తనిఖీ చేస్తున్నాయి. మీరు చెప్పిన డోసు ఇచ్చి తిరిగి పంపితే వాళ్లు చదివి మీ లెక్కతో పోలుస్తారు. ఐదు శాతం దాటితే మళ్లీ చేయమంటారు. చాలా దేశాల్లో ఇలాంటి సొంత ఆడిట్లూ ఉన్నాయి. కొనుగోలు ప్లానులోనే దానికి వారాలు కేటాయించండి. ప్రారంభోత్సవం తేదీ ముందే వేసేసి, ఫలితం రాకుండానే రిబ్బన్ కట్ చేయమని మీ మీద ఒత్తిడి వస్తుంది. రిబ్బన్ కట్ చేసుకోనివ్వండి, ఫొటోలు దిగనివ్వండి. కన్సోల్ తాళం మాత్రం ఆ రిపోర్టు వచ్చేదాకా మీ జేబులో ఉంచుకోండి.