పుట్ కొట్టే ముందు ఒక్క ఊపిరి

ఒకప్పుడు జావెలిన్ విసిరేవాణ్ణి, ఇప్పుడు అనంతపురంలో పిల్లలకు కోచింగ్ ఇస్తున్నాను. బెంగళూరులో గోల్ఫ్ మొదలుపెట్టిన మా అక్క కొడుకు, "మామా, మూడడుగుల పుట్ కూడా తప్పుతోంది, చేతులు వణుకుతున్నాయి" అన్నాడు. పుట్ అంటే బంతిని నేల మీద మెల్లగా దొర్లించి గుంతలో వేసే దెబ్బ. గోల్ఫ్ నాకు పెద్దగా రాదు గానీ వణుకు బాగా తెలుసు.

పండగకు వచ్చినప్పుడు వరండాలో తాడిపత్రి బండల మీద జంపఖానా పరిచి, స్టీలు గ్లాసు పడుకోబెట్టాం. గోల్ఫ్ గుంత వెడల్పు 108 మిల్లీమీటర్లు. గ్లాసు నోరు అంతకంటే చిన్నది, కాబట్టి తర్వాత అసలు గుంత పెద్దదిగా కనిపిస్తుంది.

ముందు బంతి వెనక నిలబడి, అది దొర్లి గుంతలో పడేదాకా మనసులో చూడాలి. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. వదిలేటప్పుడే భుజాలు దించాలి. బంతి దగ్గరికి వెళ్లాక ఒక్క మాటే అనుకోవాలి. మావాడి మాట "నిదానం". "తప్పకూడదు" అనుకున్నామా, మనసు తప్పడం మీదికే పోతుంది. జావెలిన్‌లో నాకు జరిగిందీ అదే. ఆ తర్వాత ఆలస్యం చేయకుండా కొట్టేయాలి. 2019 నుంచి నియమాలు కూడా ఒక్కో షాట్ 40 సెకన్లలోపు ముగించమని సూచిస్తున్నాయి.

ఇదంతా టెన్షన్‌లో నిలవాలి కదా! వరసగా పది పడితేనే ఉగ్గాని అన్నాం. తొమ్మిదోది తప్పింది, మళ్లీ ఒకటి నుంచి. మా అక్క నన్ను తిట్టింది.

నోట్‌బుక్‌లో మాత్రం ఎన్ని పడ్డాయో రాయనివ్వలేదు. ఊపిరి, మాట మరిచిపోకుండా ఎన్నిసార్లు కొట్టాడో, అదే రాయించాను.