ఆటలో అన్నీ వచ్చు, ఆట అయ్యాక ఏమీ రాదు: చిన్నపిల్లల విదేశీ భాషా క్లాసులో సమస్యలు, పరిష్కారాలు

ఐదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు విదేశీ భాష చెప్పే టీచర్ల కోసం ఇది రాస్తున్నాను. ఫ్లాష్ కార్డులు చూపించడం, పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టడం, పాట పాడించడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. నేను చెప్పేది జర్మన్ కాబట్టి ఉదాహరణలు అందులోవే. మీ భాష వేరైతే మాటలు మార్చుకోండి.

ఆట మొదలవగానే గోల

పిల్లలు అల్లరివాళ్లు అనేముందు ఒక్క సంగతి చూసుకోండి. కార్డులు ఎప్పుడు పంచారు, ఆట చెప్పకముందా, చెప్పాకా? ముందే పంచేస్తే మీ మాట ఇక ఎవరి చెవికీ ఎక్కదు. చేతిలో బొమ్మ పడ్డాక ఆరేళ్ల పిల్ల దాన్ని తిప్పి చూసుకుంటుంది, పక్కవాడిది తొంగి చూస్తుంది, మార్చుకుందామని బేరం పెడుతుంది. నేను వెళ్లి కూర్చున్న క్లాసుల్లో చాలాసార్లు గోలకు కారణం ఇదే. ఇది సరిచూసుకోకుండా కొత్త ఆటల కోసం వెతుకుతూ ఉంటారు, అదే బాధ.

ఆటను నోటితో వివరించకండి. ఒకరిని ముందుకు పిలిచి ఒక రౌండు మీరిద్దరూ ఆడి చూపించండి. తర్వాత ఇంకో ఇద్దరితో ఆడించండి. వాళ్లు సరిగ్గా ఆడితేనే కార్డులు పంచండి. ఆట ఆపమనే గుర్తు, చప్పట్లో గంటో, అది కూడా ముందే అలవాటు చేయండి.

అడిగితే నోరు విప్పరు

మీరు ఎంతసేపు ఆగుతున్నారు? మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు అమెరికాలో సైన్సు క్లాసులను గమనించి 1970లలో ఒక సంగతి రాశారు. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున 1 సెకను కూడా ఆగడం లేదు. 3 సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, ఎక్కువమంది పిల్లలు మాట్లాడారు. అది వాళ్లు రోజూ చదువుకునే భాషలో. కొత్త భాషలో ఇంకా ఎక్కువ కావాలి. మనసులో ఐదు లెక్కపెట్టండి. లేదా ముందు పక్కవాళ్లతో చెప్పుకోమని, ఆ తర్వాత అందరిలో అడగండి.

కొత్తగా చేరిన పిల్ల కొన్ని వారాలు వింటూనే ఉండిపోతే కంగారు పడకండి. బొమ్మను వేలితో చూపించమనండి. మాట దానంతట అదే వస్తుంది.

ఆటంతా సొంత భాషలోనే నడుస్తుంది

ఆ ఆట జర్మన్ లేకుండానే గెలవచ్చు, అందుకు. బోర్లించిన కార్డుల్లో జతలు వెతికే ఆటకు జ్ఞాపకం చాలు, మాటతో పనేముంది? దాని బదులు ఇద్దరి మధ్య అడ్డంగా ఒక ఫైలు నిలబెట్టండి. ఒకరి దగ్గర పిల్లి బల్ల కింద ఉన్న బొమ్మ, రెండోవారి దగ్గర పిల్లి లేని ఖాళీ గది. "వో ఇస్ట్ దీ కాట్సె?" (పిల్లి ఎక్కడుంది?) అని అడిగితే తప్ప పిల్లిని ఎక్కడ గీయాలో తెలియదు.

"నా వంతు", "నీ వంతు" కూడా నేర్పండి: "ఇష్ బిన్ డ్రాన్", "డూ బిస్ట్ డ్రాన్". ఆటలో పిల్లలు పోట్లాడుకునేది ఆ మాటల కోసమే.

ఆటలో అన్నీ సరిగ్గా చేస్తారు, మరుసటి వారం ఏమీ గుర్తుండదు

అసలైన చిక్కు ఇక్కడుంది. మరిచిపోయారనుకుని అందరూ పునశ్చరణ పెంచుతారు. నేనూ చాలాకాలం అదే చేశాను. కానీ వాళ్లు మరిచిపోలేదు, అసలు నేర్చుకోనేలేదు.

టీచరు ఆజ్ఞ ఇస్తే పిల్లలు చేసి చూపించే పద్ధతి ఉంది కదా, 1960లలో జేమ్స్ ఆషర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ప్రచారంలోకి తెచ్చినది, టీపీఆర్ (టోటల్ ఫిజికల్ రెస్పాన్స్). నా క్లాసులో అది గడియారంలా నడిచేది. "ష్టేట్ ఔఫ్" అంటే లేచేవాళ్లు, "జెట్స్ట్ ఓయిష్" అంటే కూర్చునేవాళ్లు. ఒకరోజు రెండు చేతుల నిండా కార్డులు పట్టుకుని "ష్టేట్ ఔఫ్" అన్నాను. ఎవరూ కదల్లేదు. ముందు వరసలో ఒక బాబు సగం లేచి, పక్కపిల్ల కూర్చునే ఉండడం చూసి మళ్లీ కూలబడ్డాడు. అందరి చూపూ నా చేతుల మీదే. ఇన్నాళ్లూ నేను "ష్టేట్ ఔఫ్" అంటూ అరచేతులు పైకి లేపేదాన్నని అప్పుడు తెలిసింది. వాళ్లు చదివింది ఆ చేతుల్ని.

బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని ఒకప్పుడు పెద్ద పేరు. 1907లో ఓస్కార్ ఫుంగ్‌స్ట్ అనే మనస్తత్వవేత్త పరీక్షించి తేల్చాడు: అది గిట్టతో కొడుతూ, సరైన అంకె దగ్గర అడిగినవాళ్ల ఒంట్లో వచ్చే చిన్న కదలిక చూసి ఆగిపోతోంది. అడిగేవాళ్లకు తాము కదులుతున్నామని తెలియదు. మన క్లాసులోనూ ఇదే జరుగుతుంది. అందులో పిల్లల తప్పేమీ లేదు, దొరికిన ఆధారాన్ని వాడుకుంటున్నారు.

ఆధారం చేతుల్లోనే ఉండదు. మీ చూపు సరైన కార్డు మీదకు వెళ్తుంది. కార్డులు ఎప్పుడూ ఒకే వరసలో వస్తాయి. కుక్క కార్డుకు మూల మడతపడి ఉంటుంది, వెనకనుంచి చూసే "హుంట్" అని అరుస్తారు. అన్నిటికన్నా పెద్ద ఆధారం, ఇద్దరు చురుకైన పిల్లలు. మిగతావాళ్లు అరక్షణం ఆలస్యంగా వాళ్లను అనుసరిస్తారు. దూరం నుంచి చూస్తే క్లాసంతా వచ్చినట్టే ఉంటుంది.

పరీక్ష రెండు నిమిషాల పని. చేతులు వెనక్కి కట్టుకోండి, మాట అనేటప్పుడు గోడకేసి చూడండి, పిల్లల్ని కళ్లు మూసుకోమనండి, ఐదు ఆజ్ఞలు వరస మార్చి ఇవ్వండి. ఎంతమంది కదిలారో అదే అసలు లెక్క. లెక్క తక్కువైతే పిల్లల్ని కోప్పడకండి.

అలాగని సైగలు మానేయకండి, కొత్త మాటకు అవి కావాలి. మాటకూ సైగకూ మధ్య ఎడం పెంచండి. మొదటి రోజు రెండూ కలిపి. తర్వాతి క్లాసులో ముందు మాట, రెండు సెకన్లు ఆగి సైగ. సైగకు ముందే కదిలినవాళ్లకు మాట వచ్చినట్టు. ఆపైన సైగ లేకుండా. జవాబు కార్డులను ఒకటి, రెండు, మూడు అన్నాక అందరూ ఒకేసారి ఎత్తాలి, అప్పుడు పక్కచూపులు పనిచేయవు. కార్డులు ప్రతి రౌండుకూ కలపండి, మడతపడ్డవి తీసేయండి.

చివరగా, ఎప్పుడూ వినని కలయిక ఇవ్వండి. "పుస్తకం బల్ల మీద పెట్టు" వచ్చినవాళ్లకు "పుస్తకం తల మీద పెట్టు". ఆషర్ కూడా ఇలాంటి కొత్త కలయికలు కావాలన్నాడు. అలవాటుతో చేసేవాళ్లు పుస్తకాన్ని బల్ల మీదే పెడతారు. విన్నవాళ్లు తల మీద పెట్టుకుని నవ్వుతారు.

ఇంకా కుదరకపోతే

ఎరుపు, ఆకుపచ్చ దగ్గరే ఒక బాబు పదేపదే తప్పుతుంటే రంగులు గుర్తుపట్టడంలో తేడా ఉందేమో ఇంట్లోవాళ్లకు చెప్పండి. వెనక కూర్చున్న పిల్ల ఎప్పుడూ ఆలస్యమైతే ముందుకు మార్చి చూడండి, తేడా వస్తే చెవి, కన్ను పరీక్ష చేయించమనండి. ఇలాంటివి అరుదు. ముందు మీ చేతులు వెనక్కి కట్టుకుని చూశాకే వీటి దగ్గరకు రండి.